నాన్నకి 3ఎ, 42 లక్షలు: వైరల్ లోడ్ ఎక్కువుంటే లివర్ ఎక్కువ పాడైనట్టేనా?

ప్రశ్న:
మా నాన్నకి 58 ఏళ్ళు. హెపటైటిస్ సి అని తేలింది. రిపోర్టులో జీనోటైప్ (వైరస్ రకం) 3ఎ, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) 42 లక్షల ఐయూ అని ఉంది. పెదనాన్నకీ ఇదే జబ్బు, ఆయనది 1బి, లోడ్ 6 లక్షలే. 3ఎ రకం వైరస్ ఇంత ఎక్కువగా పెరుగుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
తమ్ముడూ, నేను ఈ వైరల్ లోడ్ కొలిచే పీసీఆర్ మిషన్ మీదే పనిచేస్తాను. ఈ అంకెల్ని లాగ్‌లో చూడాలి, అంటే పది రెట్లు పెరిగితే ఒక మెట్టు ఎక్కినట్టు. 42 లక్షలంటే 6.6, 6 లక్షలంటే 5.8, ఒక మెట్టు తేడా కూడా లేదు. నాన్నగారి శాంపిలే మళ్ళీ పెడితే 30 లక్షలు రావచ్చు, 55 లక్షలు కూడా రావచ్చు. సబ్‌టైప్‌ల మధ్య సగటున కొంత తేడా ఉన్నా, 3ఎ ఉన్న ఇద్దరు మనుషుల మధ్యే అంతకంటే పెద్ద తేడా కనిపిస్తుంది. పైగా లోడ్‌కీ లివర్ దెబ్బతినడానికీ లంకె లేదు. 3ఎతో అసలు ఇబ్బంది వేరే: అది లివర్‌లో కొవ్వు పేరుస్తుంది, మచ్చలు త్వరగా పడతాయి. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైములు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ ఎంతున్నాయి?

ప్రశ్న అడిగినవారు:
ప్లేట్‌లెట్లు 1,10,000. ఎస్‌జీఓటీ 84, ఎస్‌జీపీటీ 70. వీటి గురించి మాకెవరూ ఏమీ చెప్పలేదన్నా.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్):
చూడాల్సింది ఇవే. వయసుతో కలిపి ఫిబ్-4 (లివర్‌లో మచ్చలు ఎంతున్నాయో అంచనా వేసే స్కోరు) లెక్క కడితే 5 దాటుతోంది. 3.25 దాటితేనే సిర్రోసిస్ (మచ్చలు ముదిరి లివర్ గట్టిపడిపోవడం) ఉందేమోనని చూస్తారు. భయపడొద్దు, కానీ ఆలస్యం చేయకండి. గ్యాస్ట్రో డాక్టరుకు చూపించి, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ తీయించండి. సిర్రోసిస్ లేకపోతే మామూలుగా ఈ వైరస్‌కి సోఫోస్‌బువిర్, డక్లాటాస్విర్ అనే మందులు ఇస్తారు. ఉంటే డక్లాటాస్విర్ బదులు వెల్‌పటాస్విర్. కోర్సు ఎక్కువమందికి 12 వారాలే. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో మందులు ఉచితం. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి టెస్టు తప్పకుండా చేయించండి. అది ఒంట్లో ఉంటే ఈ మందుల వల్ల విజృంభించవచ్చు.

ఇంకో జవాబు:
మా ఆవిడకి 3ఎనే, కోర్సు అయిపోయింది. ఆపిన 12 వారాలకి చేసిన టెస్టులో వైరస్ లేదు. ఒక్క మాట బాబూ, నాన్నగారు గ్యాస్ కోసం ప్యాంటాప్రజోల్ లాంటివి వేసుకుంటుంటే డాక్టరుకు ముందే చెప్పండి. వాటితో వెల్‌పటాస్విర్ ఒంటికి సరిగ్గా పట్టదు. మాకు ఆ బిళ్ళ మాన్పించాకే మొదలుపెట్టారు.