ఆ గడిలో ఏం రాయాల? తెలిసినోళ్లు చెప్పండప్పా

ఎర్రగుంట్ల అన్న: పొద్దున తొమ్మిదింటి నుంచి ఒకే గడి కాడ కూచోనుండా. మా తమ్మునికి కడపలో గోడౌన్ పని దొరికేట్టుంది. వానికి పాత కేసుంది, గంజాయి మానేసి ఏడు నెలలాయ. ఫారంలో ‘శిక్ష పడిందా?’ అని అడిగినారు. అవునంటే పని పోతాది. లేదని కొట్టు, ఎవురు చూస్తారంటాడు నెట్టు సెంటరాయప్ప.

కోర్టు గుమస్తా: ఏ సెక్షను? తీర్పేమి?

పెన్నా మాస్టారు: మేం బీడీ కాల్చాలన్నా పెన్నేట్లో దాక్కుంటిమి. ఇప్పుడు గంజాయి ఎవురమ్ముతాండారో వీధంతా తెలుసు, గంజాయి మీద ఫిర్యాదు చేసే నంబరు 1972కు ఫోన్ చేసే మగోడు లేడు. ముందు అది మాట్లాడండి.

సీమ చిన్నోడు: 14446.

ఎర్రగుంట్ల అన్న: అది మత్తు మానేదానికి కదన్నా, నేనడిగింది ఫారం.

సీమ చిన్నోడు: పని దొరక్కపోతే మళ్లా అదే గుర్తొస్తాది. రాసి పెట్టుకో.

పెన్నా మాస్టారు: జైలుకు పోయొచ్చినోడు జైలుకు పోయొచ్చినోడే. గడిలో అవుననాల్సిందే.

కోర్టు గుమస్తా: మాస్టారూ, రిమాండు వేరు, శిక్ష వేరు. కేసు నడుస్తాంటే వాడు ముద్దాయి, అంతే.

ఎర్రగుంట్ల అన్న: కేసు అయిపోయిందన్నా, చెప్పలేదా? తాగినాడని సెక్షన్ 27. తప్పు ఒప్పుకుంటే జడ్జి బాండు రాయించుకోని ఇడిసిపెట్టినాడు.

కోర్టు గుమస్తా: ఇది కదప్పా ముందు చెప్పాల్సింది! బాండు ఏ చట్టం కింద? మత్తుమందుల చట్టం సెక్షన్ 39 కింద చికిత్సకు పంపినారా, జైలుకు పంపకుండా మంచి నడత బాండు మీద ఇడిసే 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 4 కిందనా? నాలుగైతే, అదే చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆ కేసు వల్ల చట్టపరంగా రావాల్సిన అనర్హత అంటదు. అయితే దోషి అన్న తీర్పు చెరిగిపోదు. ప్రైవేటోడు తీసుకోవాలనీ లేదు.

సీమ చిన్నోడు: మరి లేదని రాస్తే?

కోర్టు గుమస్తా: దాచిందే పెద్ద తప్పయి కూచుంటాది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సర్కారు కొలువుల గురించి ఇదే తేల్చింది, నిజమే చెప్పాలని. కాపీ చూసి, దాంట్లో ఉండేది ఉన్నట్టే పక్కన రాయండి. అర్థం కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, 15100.

ఎర్రగుంట్ల అన్న: కాపీ మాయమ్మ ట్రంకుపెట్టెలో ఉందంట. ఫారం రేపటికి ఆఖరు. సరేన్నా, థాంక్స్.

పెన్నా మాస్టారు: ఇంతకూ అమ్మినోడ్ని పట్టుకున్నారా?

సీమ చిన్నోడు: కాపీలో ఏముంది అన్నా?

సీమ చిన్నోడు: అన్నా?