'ఐ వెంట్ హోమ్'లో హోమ్ ఏ భాషాభాగం?

"అక్కా, హోమ్ అంటే ఇల్లు కదా, నామవాచకం అని పెట్టాను. టెస్టులో తప్పు కొట్టేశారు. ఎందుకు?"

ఆ వాక్యంలో అది క్రియావిశేషణం, తమ్ముడూ. 'ఇల్లు' అని కాదు, 'ఇంటికి' అని చదువు. మన 'కి' అందులోనే ఉంది కాబట్టి ముందు 'టు' రాదు. హియర్, దేర్, అబ్రాడ్ కూడా ఇంతే. మనవాళ్ళు 'గో టు హోమ్', 'కమ్ టు హియర్' అనేస్తారు. ఇంటికి, ఇక్కడికి అన్నప్పుడు వినిపించే 'కి'కి ఇంగ్లీషులోనూ ఏదో ఒకటి పెట్టాలనిపిస్తుంది మరి.

తెలుగులో మనం చదివిన భాషాభాగాలు ఐదే: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషు గ్రామర్ పుస్తకాల్లో ఎనిమిది. మొదటి నాలుగూ దాదాపు అవే. మనం అవ్యయం అని ఒక్క గూట్లో పెట్టేసేవే అక్కడ అడ్వర్బ్ (క్రియావిశేషణం), ప్రిపొజిషన్ ('టు', 'ఎట్' లాంటివి), కంజంక్షన్, ఇంటర్జెక్షన్ అని విడిపోతాయి. తికమకంతా ఎక్కువగా అక్కడే.

అర్థాన్ని బట్టి భాషాభాగం చెప్పకు, వాక్యంలో ఏం పని చేస్తోందో చూడు. 'ఫాస్ట్ ట్రైన్'లో ఫాస్ట్ విశేషణం. 'రన్ ఫాస్ట్'లో క్రియావిశేషణం. రంజాన్ నెలలో 'దే ఫాస్ట్' అంటే క్రియ, 'ఎ లాంగ్ ఫాస్ట్' అంటే నామవాచకం. స్పెల్లింగులో ఒక్క అక్షరం మారలేదు చూడు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది డిస్కస్. ఆఫీసు మెయిళ్ళలో 'వి డిస్కస్డ్ అబౌట్ ది ఇష్యూ' అని తెగ రాస్తారు. మనం తెలుగులో 'దాని గురించి డిస్కస్ చేశాం' అంటాం. అక్కడ క్రియ పని 'చేశాం' చేస్తుంది, డిస్కస్ ఉత్త పేరులా నిలబడుతుంది. ఇంగ్లీషులో డిస్కసే క్రియ, అదీ సకర్మకం. కర్మ నేరుగా వచ్చేస్తుంది: 'వి డిస్కస్డ్ ది ఇష్యూ'. నామవాచకమైన డిస్కషన్ రాస్తే మాత్రం 'ఎ డిస్కషన్ అబౌట్ ది ఇష్యూ' శుభ్రంగా సరిపోతుంది.

"మరి 'ఎట్ హోమ్' అంటారుగా అక్కా?"

అంటారు. అందులో ఎట్ ప్రిపొజిషన్, దాని వెనక వచ్చిన హోమ్ నామవాచకం. 'ఐ వెంట్ టు హర్ హోమ్' కూడా తప్పు కాదు, ముందు 'హర్' చేరింది కాబట్టి. హోమ్ ముందు ఎవరిదో చెప్పే మాట ఉంటే 'టు' పెట్టు, ఒంటరిగా ఉంటే తీసెయ్.