నాటికల నుంచి సినిమా రచనకు: రంగస్థలం మీద చేసిన పని లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న (నాటిక రచయిత, విజయనగరం)

అందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా నాటక పరిషత్తుల పోటీలకు నాటికలు రాస్తున్నాను. కొన్నింటికి బహుమతులు వచ్చాయి, వాటిని ఒకటి రెండు నాటక సమాజాలు ఇప్పటికీ ఆడుతున్నాయి. ఈమధ్య ఒక లఘుచిత్రానికి కథ, మాటలు రాసిన తరువాత, నా నాటికల్లో ఒకదానిని సినిమాగా తీసే ఆలోచన ఉందని ఒక నిర్మాణ సంస్థ నుంచి కబురు వచ్చింది. కలిసినప్పుడు వారు నా మాటలను మెచ్చుకుంటూనే, నాటకం వాసన పూర్తిగా పోవాలనీ, ఎక్కడైనా పరిచయం చేసుకునేటప్పుడు నాటికల సంగతి ఎత్తకపోవడమే మంచిదనీ చెప్పారు. నాటికపై సర్వహక్కులూ శాశ్వతంగా ఇస్తున్నట్లు రాసి ఉన్న ఒక పేజీ పత్రం మీద సంతకం కూడా అడుగుతున్నారు. ఇన్నాళ్లుగా రంగస్థలానికి రాసినది సినిమా రచయితగా నాకు బలమా, అడ్డంకా? ఆ పత్రం విషయంలో ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం (రంగస్థల దర్శకుడు, గుంటూరు)

నాటికల సంగతి దాచుకోవలసిన అవసరం మీకు ఎంతమాత్రం లేదు. మీ ప్రాంతం నుంచే వెళ్లిన గణేష్ పాత్రో గారి ప్రస్థానాన్ని ఒకసారి వరుసగా చూడండి. సినిమాల్లోకి రాకముందే ‘కొడుకు పుట్టాల’, ‘పావలా’ వంటి నాటికలతో ఆయన పేరు నాటక సమాజాలకు బాగా తెలుసు. 1978లో ‘మరో చరిత్ర’కూ, 1979లో ‘ఇది కథ కాదు’, ‘గుప్పెడు మనసు’ చిత్రాలకూ, 1981లో ‘ఆకలి రాజ్యం’కూ, 1988లో ‘రుద్రవీణ’కూ మాటలు రాశారు. ఈ చిత్రాల దర్శకుడు కె. బాలచందర్ కూడా మద్రాసులో అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో ఉద్యోగం చేస్తూ నాటకాలు రాసి, ఆడించి, ఆ పేరుతోనే సినిమాలోకి వచ్చిన మనిషి కావడం వల్ల, నాటకం నుంచి వచ్చిన రచయిత విలువ ఆయనకు ఒకరు చెప్పవలసిన పని లేకపోయింది.

‘మరో చరిత్ర’ను మీరు రచయిత దృష్టితో మళ్లీ చూడాలని నా కోరిక. విశాఖ తీరంలో ఒక తమిళ అబ్బాయి, ఒక తెలుగు అమ్మాయి ప్రేమించుకుంటారు. ఒకరి భాష ఒకరికి రాదు. సంభాషణే ఆయుధంగా పెరిగిన నాటక రచయితకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు, ఎందుకంటే ప్రధాన పాత్రలు రెండూ వాక్యాల మీద ఆధారపడే వీలు లేదు. తెలిసిన కొద్దిపాటి మాటలనే తిప్పి తిప్పి వాడుకుంటూ, తడబడుతూ, ఆ తడబాటులోనే దగ్గరవుతారు. ఏ పాత్ర ఎంత మాట్లాడగలదో, ఎక్కడ ఆగిపోతుందో అన్న ఆ లెక్క, ప్రేక్షకుల ముందు నాటికలు ఆడించినవారికి ఒంటబట్టే విద్య అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ తరువాత 1991లో ‘సీతారామయ్యగారి మనవరాలు’, 2013లో ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ దాకా ఆయన కలం ఇళ్లలో మనుషులు మాట్లాడుకునే తీరును వదలలేదు.

తనికెళ్ల భరణి గారు కూడా ‘గార్దభాండం’, ‘కొక్కొరోకో’ వంటి నాటకాలు రాసిన తరువాతే 1986లో ‘లేడీస్ టైలర్’కూ, 1989లో ‘శివ’కూ మాటలు రాశారు. ఈ రెండు చిత్రాల సంభాషణల్లో పోలికే కనిపించదు. ఒకటి పల్లె వాగుడు, మరొకటి పొదుపుగా తూచి వేసిన మాట. పాత్రను బట్టి, స్థలాన్ని బట్టి గొంతు మార్చగల శక్తి ఉన్నదని మీ నాటికలు చూపించగలిగితే, అవే మీ పరిచయ పత్రం.

సమాధానం (మాటల రచనలో సహాయకురాలు, హైదరాబాద్)

పై సమాధానంతో ఏకీభవిస్తున్నాను. అయితే నాటకం వాసన అన్న మాటను పూర్తిగా కొట్టిపారేయవద్దు, అందులో పనికొచ్చే విషయం ఉంది. నాటికలో ఒక తండ్రి ప్రవేశించి, “ఏరా, ఈ నెల కూడా కరెంటు బిల్లు కట్టలేదా? చీకట్లో కూర్చున్నావేం?” అంటాడు. ఆ ఒక్క మాటతో వెనుక వరుసలో కూర్చున్నవారికి కూడా ఇంటి పరిస్థితి, తండ్రీకొడుకుల మధ్య ఉన్న చికాకు తెలిసిపోతాయి. రంగస్థలం మీద అది చక్కటి రచన. సినిమాలో మాత్రం కెమెరా ముందే కొవ్వొత్తి వెలుగులో చదువుకుంటున్న కొడుకును చూపించేసింది, గోడ మేకుకు గుచ్చిన పాత బిల్లులూ చూపించింది. అప్పుడు తండ్రి చెప్పులు విప్పి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోతే చాలు. సమాచారం చెప్పే మాటలన్నీ ఇలా రాలిపోతాయి, మనసు దాచుకునే మాటలు మిగులుతాయి.

మీ నాటికను దగ్గర పెట్టుకుని, ప్రతి సంభాషణ పక్కన అది సమాచారం కోసమా, పాత్ర కోసమా అని పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఒకే సెట్టు కోసం గుమ్మం బయట జరిగినట్లు చెప్పించిన సంఘటనలన్నింటినీ విడిగా రాసుకోండి. నా అనుభవంలో సినిమాకు కొత్త సీన్లు ఎక్కువగా దొరికేది అక్కడే. నిర్మాతకు నాటిక ప్రతిని కాకుండా, ఇలా తిరగరాసిన స్క్రీన్‌ప్లే నుంచి పది పదిహేను పేజీలు ఇవ్వండి. మీ రచనల జాబితాలో నాటికలను పైన ఉంచండి, ప్రదర్శన వీడియోలు ఉంటే జతచేయండి.

సమాధానం (న్యాయవాది, విజయవాడ)

ఆ పత్రం మీద ఇప్పుడున్న రూపంలో సంతకం చేయవద్దని నా సలహా. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అన్నవి అందులో స్పష్టంగా పేర్కొనాలి. గడువు రాయకపోతే 5 ఏళ్లుగానూ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దానిని వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా లేనప్పుడు, ఆ హక్కు వారికి లేకుండా పోతుంది. మీ పత్రంలో “శాశ్వతంగా” అని ఎందుకు రాశారో దీన్నిబట్టి మీకే అర్థమవుతుంది. 2012 సవరణ తరువాత, సినిమాలో చేరిన సాహిత్య రచనకు థియేటర్ ప్రదర్శన కాని ఇతర వినియోగాలపై వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకోవడానికి కూడా వీలులేదు.

మరొక విషయం. ఒక హిందీ నాటక రచయిత, తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకాన్ని ‘న్యూ ఢిల్లీ’ అనే సినిమాగా తీశారని వేసిన దావాలో (ఆర్.జి. ఆనంద్ కేసు), ఇతివృత్తానికీ ఆలోచనకూ కాపీరైట్ ఉండదనీ, వాటిని వ్యక్తీకరించిన తీరుకే ఉంటుందనీ సుప్రీంకోర్టు 1978లో తేల్చి, రచయిత దావాను తోసిపుచ్చింది. కాబట్టి కథను నోటితో చెప్పి వదిలేయకుండా, సీన్ల వారీగా పూర్తిగా రాసి, తేదీతో నమోదు చేయించిన తరువాతే ఎవరికైనా వినిపించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం: సినిమా హక్కులు ఇచ్చిన తరువాత, ఇప్పుడు నాటికను ఆడుతున్న సమాజాలు దానిని ఆపవలసి వస్తుందా?

సమాధానం (న్యాయవాది, విజయవాడ)

సర్వహక్కులూ ఇచ్చేస్తే ఆపవలసి వస్తుంది. అందుకే సినిమా నిర్మాణ హక్కును మాత్రమే ఇస్తూ, రంగస్థల ప్రదర్శన, ప్రచురణ, రేడియో హక్కులు రచయిత వద్దే ఉంటాయని విడిగా ఒక క్లాజు రాయించండి. ప్రస్తుతం ఆడుతున్న సమాజాల పేర్లు కూడా అందులో చేర్పిస్తే, రేపు పరిషత్తులో ప్రదర్శనకు ముందు ఎవరూ అభ్యంతరం చెప్పలేరు.