బీరు పులిసిన బకెట్టు నుంచి నేరుగా సీసాల్లోకా, మధ్యలో మరో బకెట్టా?

పెదవాల్తేరు నుంచి, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు:

హ్యూస్టన్‌లో ఉంటున్న మా అబ్బాయి రెండేళ్లుగా ఇంట్లోనే బీరు తయారుచేసుకుంటున్నాడు. మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ పని చేయడం నేరం. అమెరికాలో మాత్రం, అమ్మకూడదన్న షరతు మీద, పెద్దవాళ్లు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా ఫెడరల్ చట్టం 1979 నుంచి అనుమతిస్తోంది. పోయిన శీతాకాలంలో నేను అక్కడ ఉన్నప్పుడు 19 లీటర్ల బీరును ఇద్దరం కలిసి 355 మిల్లీలీటర్ల సీసాల్లోకి ఎత్తాము. వాడు బకెట్టు కుళాయికి గొట్టం తగిలించి నింపుతుంటే, సీసాలో మళ్లీ కాస్త పులిసి గ్యాసు పుట్టడం కోసం నేను ఒక్కొక్క సీసాలో అర చెంచా చొప్పున పంచదార వేస్తూ వచ్చాను. మూడు వారాల తరువాత తెరిచి చూస్తే కొన్ని చప్పగా ఉన్నాయి, కొన్ని మూత తీయగానే సగానికి సగం పొంగి నేలపాలయ్యాయి.

బీరును మడ్డి మీది నుంచి శుభ్రమైన మరో బకెట్టులోకి తేర్చి, పంచదార పాకం మొత్తాన్ని అక్కడే కలిపి, ఆ తరువాత సీసాలు నింపితే ఈ హెచ్చుతగ్గులు ఉండవని నా వాదన. అలా రెండుసార్లు మారిస్తే గాలి తగిలి రుచి చెడుతుందని వాడి వాదన. జనవరిలో మళ్లీ వెళుతున్నాను. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మర్రిపాలెం నుంచి, న్యూజిలాండ్‌లో ఏడేళ్లు ఉండి వచ్చినవాడు:

మేడమ్ గారూ, ఈ విషయంలో నేను మీ అబ్బాయి పక్షమే. పులియడం ముగిసిన బీరుకు ప్రాణవాయువు శత్రువు. రెండో బకెట్టులోకి ఎంత నెమ్మదిగా దించినా, వెడల్పాటి ఆ పాత్రలో పైభాగమంతా గాలికి తెరిచే ఉంటుంది. నెల తిరిగేసరికి తడిసిన అట్టముక్క వాసన రావడం, రంగు నల్లబడడం, హాప్స్ (బీరుకు చేదు, సువాసన ఇచ్చే పూలు) పరిమళం మొదటే మాయమైపోవడం నేను నా చేతులారా చేసుకున్న బీరులోనే చూశాను. హాప్స్ ఎక్కువగా వేసిన బీరైతే ఈ నష్టం మరీ ఘోరంగా తెలుస్తుంది. ఇవి కాక, కడగవలసిన పాత్ర ఒకటి, గొట్టం ఒకటి పెరిగాయంటే, పుల్లబరిచే సూక్ష్మజీవులు చేరే దారులు కూడా అన్ని పెరిగినట్టే.

గాజువాక నుంచి:

ప్రాణవాయువు గురించి పై మిత్రులు చెప్పినది నిజమే కాని, సీసాలో మళ్లీ పులియడం మొదలైనప్పుడు ఈస్ట్ అందులో కొంత తానే పీల్చుకుంటుందన్న మాట కూడా చెప్పవలసి ఉంది. పంచదార ఎక్కువైన సీసాకు అలాంటి దిద్దుబాటు ఏదీ లేదు. ఒక గ్రాము పంచదార పూర్తిగా పులిస్తే సుమారు అర గ్రాము కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మామూలు బీరులో మొత్తం గ్యాసు లీటరుకు 5 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. మేడమ్ గారి చిన్న సీసాకు పట్టవలసిన పంచదార 2.2 గ్రాములే కాబట్టి, చెంచా అర గ్రాము ఎక్కువ తూగితే చాలు, ఆ సీసాలో లీటరుకు 0.7 గ్రాముల గ్యాసు అదనంగా చేరుతుంది. అదే 19 లీటర్లకు 115 గ్రాములు ఒకేసారి తూచి, నీళ్లలో మరిగించి, ఖాళీ బకెట్టు అడుగున ముందే పోసి, దాని మీదికి గొట్టం కొసను అడుగునే ఉంచి బీరును సుడి తిరిగేలా దించితే, గ్రాము తేడా వచ్చినా అది యాభై సీసాల మీద పంచుకుపోతుంది.

అయితే సగం బీరు పొంగిపోయిందంటే తప్పంతా చెంచాదే అని నేను అనుకోవడం లేదు. సీసా కడగడంలో లోపం ఉండవచ్చు, లేదా పులియడం పూర్తి కాకముందే మూత వేసి ఉండవచ్చు. హైడ్రోమీటరు (ద్రవం సాంద్రత చూపే పరికరం, పంచదార పులిసేకొద్దీ దాని అంకె దిగుతుంది) 1.014 చూపుతున్నప్పుడు తొందరపడి మూత బిగిస్తే, అది సీసాలో 1.010కి దిగేలోపల లీటరుకు దాదాపు 4 గ్రాముల గ్యాసు పుడుతుంది, దాని మీద మనం వేసిన పంచదార గ్యాసు వేరే. అందుకే మూడు రోజులు వరుసగా ఒకే అంకె కనబడేదాకా సీసాల ఊసు ఎత్తకూడదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఇక్కడ బీరు చేయను, అల్లం, పంచదార పులియబెట్టి పిల్లల కోసం పానీయం చేస్తాను. ఒక మే నెలలో గాజు సీసాలకు మూతలు బిగించి వంటింటి అలమరలో పెడితే రెండు సీసాలు అర్ధరాత్రి పగిలి, పెంకులు బియ్యం బస్తాలోకి దిగబడ్డాయి. ఆ సమయంలో అక్కడ ఎవరూ లేకపోవడం మా అదృష్టం. తాటికల్లు లొట్టిలో నురగలు కక్కుతున్నా ఏ గీత కార్మికుడూ దానికి బిరడా బిగించడు. మనం మూత బిగిస్తున్నాము కాబట్టి లెక్క తెలిసి బిగించాలి.

మధురవాడ నుంచి, మందుల దుకాణం నడిపేవాడిని:

చెంచా స్థానంలో సిరంజి పెడితే ఇద్దరి వాదనా నెగ్గుతుంది కదండీ. ఆ 115 గ్రాములను మరిగించిన పాకం చల్లారాక, కాచిన నీళ్లతో సరిగ్గా 265 మిల్లీలీటర్లకు తెచ్చి, సూది లేని కొత్త సిరంజితో ఒక్కొక్క సీసాలో 5 మిల్లీలీటర్లు వేయండి. 53 సీసాలకు సరిపోతుంది. పాకం ముందు, బీరు తరువాత, గొట్టం కొస సీసా అడుగుకు తగిలేలా నింపితే దానంతటదే కలుస్తుంది. పొడి పంచదార మీద బీరు పడగానే వచ్చే నురగ బెడద కూడా ఉండదు.

గాజువాక నుంచి:

మధురవాడ మిత్రులు చెప్పిన సిరంజి పద్ధతిని కాదనలేను. కాని మడ్డి సంగతి మిగిలే ఉంది. కుళాయి మడ్డికి ఆనుకుని ఉంటే మొదటి సీసా, చివరి నాలుగైదు సీసాలు మురికిగా వస్తాయి. ముందురోజే బకెట్టును బల్ల మీదికి ఎక్కించి, నింపేటప్పుడు కదపకుండా ఉంచాలి. ఇంకొకటి, బీరులో ముందే కరిగి ఉన్న గ్యాసు 18 డిగ్రీల దగ్గర లీటరుకు 1.8 గ్రాములైతే 30 డిగ్రీల దగ్గర 1.3 మాత్రమే. హ్యూస్టన్ ఎండాకాలంలో చేసినదానికీ శీతాకాలంలో చేసినదానికీ ఒకే పంచదార లెక్క సరిపోదని మీ అబ్బాయికి చెప్పండి.

పెదవాల్తేరు నుంచి:

అందరికీ కృతజ్ఞతలు. ముప్పై ఏళ్లు పిల్లల చేత పిపెట్టు పట్టించినదాన్ని, ఇంటి పని దగ్గరికి వచ్చేసరికి చెంచా పట్టుకున్నాను. ఈసారి రెండు పద్ధతులూ ఒకే బీరు మీద చేసి చూస్తాము. ముందు పదమూడు సీసాలు కుళాయి నుంచి నేరుగా సిరంజి పాకంతో నింపి, మధ్యలో ఇరవయ్యారు సీసాలకు సరిపడా బీరును రెండో బకెట్టులోకి దించి, అందులో అదే పాకం 130 మిల్లీలీటర్లు కలిపి ఉంచి, ఆ తరువాత మళ్లీ పదమూడు నేరుగా నింపుతాము. మడ్డికి దగ్గరి బీరంతా ఒకే పద్ధతి వాటాలో పడకూడదని ఈ ఏర్పాటు. మూతల మీద ఎరుపు, నీలం గుర్తులు పెట్టి, మూడు వారాలకు కొన్ని, మూడు నెలలకు కొన్ని, ఏది ఏదో మా కోడలికి చెప్పకుండా రుచి చూపిస్తాము. హైడ్రోమీటరు అంకెలతో సహా ఫలితం ఇక్కడే రాస్తాను.