బఫెలో లాంటి మంచు ఊళ్లో కొత్త ఫుట్‌బాల్ స్టేడియానికి పైకప్పు వెయ్యాలా, వద్దా?

కానూరు_ఎంటెక్:

అందరికీ నమస్కారం అండి. ఎంటెక్ స్ట్రక్చర్స్ చివరి సెమిస్టర్‌లో మా బ్యాచ్‌కి అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం డిజైన్ ఇచ్చారు. వాతావరణం అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోది తీసుకోవాలి. కప్పు ఉండాలో వద్దో మేమే తేల్చి, కారణాలు రాసి, ఆ తర్వాత లెక్కలకి వెళ్లాలి.

బఫెలో బిల్స్ జట్టు ఆర్చర్డ్ పార్కులో కట్టిన కొత్త హైమార్క్ స్టేడియానికి మైదానం మీద కప్పు లేదు. సీట్లలో దాదాపు 65 శాతం మీదకి కానపీ, అంటే ముందుకి చాచిన పాక్షిక కప్పు, వస్తుందంతే. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టు వాళ్లు మాత్రం బ్రూక్ పార్కులో పూర్తిగా మూసిన స్టేడియం వైపు వెళ్తున్నారు. రెండు ఊళ్లూ ఈరీ సరస్సు ఒడ్డునే ఉన్నాయి కదా, నిర్ణయాలు ఇంత తేడాగా ఎందుకు?

మాకు తెలిసిందల్లా భారాల లెక్కకి వాడే మన భారతీయ కోడ్ ఐఎస్ 875. విజయవాడకి గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, కప్పు మీద లైవ్ లోడ్ (శాశ్వతం కాని భారం) చదరపు మీటరుకు 0.75 కిలోన్యూటన్లు. స్నో లోడ్ ఎప్పుడూ వెయ్యలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తప్పులు జరుగుతాయో చెప్పండి.

గుంటూరు_స్టీల్:

తమ్ముడూ, ముందు చలిని పక్కన పెట్టు. మీ స్ట్రక్చర్‌ని శాసించేది మంచు బరువు, అది ఎక్కడెక్కడ పేరుకుంటుందన్నది.

మన 0.75 రిపేరుకి కప్పెక్కే మనుషుల కోసం పెట్టిన అంకె. 40,000 చదరపు మీటర్ల కప్పుకి లెక్కేస్తే సుమారు 3,000 టన్నులు. అది ఒకేసారి కప్పంతా నిండే రోజు రాదు. మంచు అలా కాదు. నిజంగానే కప్పంతా పడుతుంది, రోజుల తరబడి అక్కడే కూర్చుంటుంది, మధ్యలో వాన పడితే ఆ నీళ్లన్నీ తాగి ఇంకా బరువెక్కుతుంది. అందుకే ‘రెండడుగుల మంచు’ అని ఎత్తు చెబితే ఇంజినీరుకి ఏమీ తెలియదు. కొత్తగా రాలింది ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోలే ఉంటుంది. అదే మంచు దిగి గట్టిపడ్డాక 200, 300 అవుతుంది.

అమెరికాలో భారాల కోడ్ ఏఎస్‌సీఈ 7. చదునైన కప్పు మీద మంచు భారం అంటే 0.7ని ఎక్స్‌పోజర్ గుణకంతో (గాలి ఎంత తగులుతుందన్నది), థర్మల్ గుణకంతో (కింద వేడి ఎంతన్నది), నేల మీది మంచు భారంతో గుణించడమే. 7-16 ఎడిషన్ వాడితే ఇంపార్టెన్స్ గుణకం కూడా ఉంటుంది. జనం ఎక్కువగా చేరే భవనం కాబట్టి రిస్క్ కేటగిరీ 3, గుణకం 1.1. 7-22లో ఈ గుణకం తీసేసి, నేల భారాన్నే రిస్క్ కేటగిరీ వారీగా మ్యాపుల్లో ఇచ్చారు. ఒక ఎడిషన్ మ్యాపుకి ఇంకో ఎడిషన్ గుణకం కలిపారంటే లెక్క మొత్తం తప్పు. ప్రాజెక్టుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

ఉదాహరణకి నేల భారం చదరపు మీటరుకు 2.4 కిలోన్యూటన్లు అనుకుందాం. మూసి వేడి పెట్టిన కప్పుకి థర్మల్ గుణకం 1.0 కాబట్టి 0.7 × 1.0 × 1.0 × 1.1 × 2.4 = 1.85 కిలోన్యూటన్లు. కింద వేడి లేని కానపీకి అదే గుణకం 1.2, కాబట్టి 2.2. అంటే చదరపు మీటరు లెక్కన చూస్తే కానపీకే ఎక్కువ బరువు! కానపీ వేస్తే స్టీల్ బాగా కలిసొస్తుందనుకునే వాళ్లు ఇక్కడ బోల్తా పడతారు. కలిసొచ్చేది విస్తీర్ణంలోనూ స్పాన్‌లోనూ (ఆధారాల మధ్య దూరం) మాత్రమే.

అది సమభారం. చంపేది అసమభారం. గాలి మంచుని ఒక వాలు మీంచి ఊడ్చి రెండో వాలు మీద పోస్తుంది. స్కోర్‌బోర్డు వెనక, పారపెట్ పక్కన, కప్పు ఎత్తు మారే ప్రతిచోటా గుట్టలు కడుతుంది. ఈ డ్రిఫ్ట్ (గాలికి మంచు పేరుకునే) కేసులన్నీ విడివిడిగా వెయ్యాలి.

ఇంకో విషయం, స్పాన్ పెరిగేకొద్దీ కనెక్షన్లలోనూ బ్రేసింగ్‌లోనూ (కడ్డీలు పక్కకి వంగకుండా పట్టే ఆధారం) ఉన్న తప్పుని స్నో లోడ్ బయటపెడుతుంది. 1978 జనవరి 18 తెల్లవారుజామున అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ సివిక్ సెంటర్ స్పేస్ ఫ్రేమ్ (కడ్డీల అల్లిక) కప్పు కూలిపోయింది. అంతకు కొన్ని గంటల ముందు అక్కడ బాస్కెట్‌బాల్ చూసిన సుమారు 5,000 మంది ఇళ్లకి వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది. పై వరుసలో కంప్రెషన్ (నొక్కుడు) సభ్యాలకి డిజైన్‌లో అనుకున్నంత బ్రేసింగ్ నిజంగా అందలేదు, బక్లింగ్‌లో (పక్కకి వంగిపోయి) పోయాయి. మీ మోడల్‌లో ప్రతి కంప్రెషన్ సభ్యానికి అన్‌బ్రేస్డ్ పొడవు ఎంత ఇచ్చారో సాఫ్ట్‌వేర్ మీద వదలకుండా చేత్తో చూసుకోండి.

పటమట_ప్లాంట్:

స్టీల్ సంగతి అన్నగారు చెప్పారు. ‘మంచుని కరిగించేద్దాం’ అనే వాళ్ల కోసం ఈ లెక్క.

30 సెంటీమీటర్ల కొత్త మంచు, ఘనపు మీటరుకు 100 కిలోల చొప్పున, చదరపు మీటరుకు 30 కిలోలు. కరిగించడానికే కిలోకి 334 కిలోజౌళ్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 2.8 యూనిట్ల కరెంటు. 40,000 చదరపు మీటర్లకి లక్షా పది వేల యూనిట్లు దాటుతుంది. 12 గంటల్లో పడిన మంచుని పడినట్టే కరిగించాలంటే, నష్టాలు కలపకుండానే 9 మెగావాట్ల పైన. గాలికి పోయే వేడి కూడా కలిపితే ఎక్కడికో వెళ్తుంది. కాబట్టి వేడిని గటర్లకీ, నీటి గొట్టాలకీ, కానపీ అంచుకీ పరిమితం చెయ్యాలి. కరిగిన నీళ్లు చల్లటి గటర్‌లోకి వచ్చి మళ్లీ గడ్డకడితే వెనక నీరు నిలిచి రేకు అతుకుల్లోంచి లోపలికి దిగుతుంది. హీట్ ట్రేస్ (వేడి చేసే) కేబుల్ గటర్ వరకే వేసి ఆపకూడదు. డౌన్ పైపు లోపల, గడ్డకట్టని లోతు దాకా తీసుకెళ్లాలి.

మైదానం కింద గొట్టాల సంగతీ అంతే. సాధారణంగా 20–25 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గొట్టాలు, 25–30 సెంటీమీటర్ల లోతున, అంతే ఎడంతో వేసి గ్లైకాల్ కలిపిన నీళ్లు తిప్పుతారు. దాని పని వేళ్ల మట్టం గడ్డకట్టకుండా, డ్రైనేజి తెరుచుకుని ఉండేలా చూడటం. మైదానం 5,350 చదరపు మీటర్లు. పైన చెప్పిన మంచుకి 15,000 యూనిట్లు కావాలి. చదరపు మీటరుకు 100 వాట్లు ఇస్తే ఒక రోజు దాటిపోతుంది. అందుకని మంచుని ముందు యంత్రాలతో తోసెయ్యాల్సిందే. చలి రాబోతుందనగా రోజుల ముందే సిస్టమ్ ఆన్ చెయ్యాలి, మట్టి నెమ్మదిగా వేడెక్కుతుంది.

తడి మిగిలితే ఏమవుతుందో గ్రీన్ బే లాంబో ఫీల్డ్ 1967 డిసెంబర్ 31న చూపించింది. మైనస్ 25 డిగ్రీల సెల్సియస్. కింద వేడి తీగలున్నాయి, పైన టార్పాలిన్ కప్పారు. టార్పాలిన్ కింద తేమ చేరింది. అది తీయగానే ఆ తేమ గడ్డకట్టి మైదానం గాజుపలకైపోయింది.

పూర్తిగా మూస్తే ఇంకో సమస్య ఉంది, దీన్ని విద్యార్థులు అసలు పట్టించుకోరు. 65,000 మంది ఊపిరి, చెమట కలిపి మనిషికి గంటకు 60 గ్రాముల ఆవిరి అనుకున్నా గంటకి దాదాపు 4 టన్నుల నీళ్లు. అవి చల్లటి డెక్ (కప్పు రేకు) అడుగున చేరి చుక్కలుగా జనం మీద పడతాయి. ఇన్సులేషన్‌కి లోపలి వైపు వేపర్ బ్యారియర్ (ఆవిరిని ఆపే పొర) ఉండాలి, అతుకుల దగ్గర కూడా తెగకూడదు. దాంతో పాటు పొగ బయటకి పంపే ఏర్పాటు, తాజా గాలి కోసం భారీ యూనిట్లు. వీటి బరువూ చివరికి కప్పుని మోసే ట్రస్సుల (కడ్డీల చట్రాల) మీదకే వస్తుంది. లోడింగ్‌లో వదిలెయ్యకండి.

లబ్బీపేట_ఎస్టిమేట్స్:

నేను మూసిన కప్పు పక్షం. పై ఇద్దరూ కప్పు ఎంత కష్టమో చెప్పారు గానీ అది తెచ్చిపెట్టే డబ్బు సంగతి చెప్పలేదు.

ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టుకి సొంత మైదానంలో ఏడాదికి ప్రీసీజన్‌తో (సీజన్ ముందు ఆటలు) కలిపి 10 ఆటలు, ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) వస్తే ఒకటో రెండో. వందల కోట్ల డాలర్లు పోసి కట్టి మిగతా రోజులు తాళం వేసి ఉంచడం దారుణం. బఫెలోలో ఖర్చు 200 కోట్ల డాలర్లు దాటింది. అందులో న్యూయార్క్ రాష్ట్రం 60 కోట్లు, ఈరీ కౌంటీ 25 కోట్లు ప్రజల డబ్బు. పెరిగిన ఖర్చు జట్టు భరించాలన్న ఒప్పందం ఉండబట్టి కౌంటీ బతికింది. మినియాపొలిస్ వాళ్లు మూసి కట్టారు కాబట్టే 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్), 2019లో కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ ఫోర్ తెచ్చుకున్నారు. ఫిబ్రవరిలో ఆ ఊళ్లో ఆరుబయట సూపర్ బౌల్ ఎవరు పెడతారు?

బఫెలో ఆటలు మంచు వల్ల 2014లో ఒకసారి, 2022లో ఒకసారి డెట్రాయిట్ ఫోర్డ్ ఫీల్డ్‌కి తరలిపోయాయి. అది మూసిన స్టేడియం. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

బందరు_కాలువ:

ఎస్టిమేట్స్ గారూ, సూపర్ బౌల్ మాట ఒప్పుకుంటాను. తరలిన ఆటల మాట ఒప్పుకోను. 2014లో, 2022లో స్టేడియంలో పడిన మంచుని తీయలేక మాత్రమే ఆట పోలేదు. ఊరి రోడ్లే మూసుకుపోయాయి, జనాన్నీ పోలీసుల్నీ అంబులెన్సుల్నీ ఆటకి మళ్లించే పరిస్థితి లేదు. 2024 జనవరిలో ప్లేఆఫ్ ఆట ఆదివారం నుంచి సోమవారానికి జరిగిందీ ప్రయాణాలు నిషేధించడం వల్లే. కప్పు వేస్తే ఆ రోడ్లు తెరుచుకోవు.

పైగా అదే ఫోర్డ్ ఫీల్డ్‌కి 2010 డిసెంబర్‌లో ఇంకో ఆట తరలింది, అది కప్పున్న స్టేడియం నుంచి! మినియాపొలిస్ మెట్రోడోమ్‌ది టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ కప్పు, లోపలి గాలి ఒత్తిడి మీద నిలబడేది. రెండు పొరల మధ్య వేడిగాలి పంపి మంచు కరిగించేవారు, చాలనప్పుడు మనుషులు పైకెక్కి వేడినీళ్లు కొట్టేవారు. 17 అంగుళాల మంచు, దానికి తోడు పెద్దగాలి. పైనున్న మనుషుల్ని ప్రాణభయంతో దింపేశారు. 12వ తేదీ తెల్లవారుజామున పొరలు చిరిగి మంచంతా మైదానం మీదకి జారింది. లోపల ఎవరూ లేరు. కప్పుని ప్రాణంతో ఉంచడానికి తుఫానులో మనుషులు దాని మీదకి ఎక్కాల్సి వచ్చిందంటే ఆ డిజైన్‌లోనే లోపం ఉంది. ఇది మీ రిపోర్టులో తప్పకుండా రాయండి.

తెరిచి మూసే కప్పు అంటారా, మాంట్రియల్ ఒలింపిక్ స్టేడియం చూడండి. కెవ్లార్ కప్పు గాలికి పదేపదే చిరిగింది. 1998లో స్థిరమైన పొర వేస్తే 1999 జనవరిలో అదీ మంచుకి చిరిగింది. తర్వాత 3 సెంటీమీటర్లకి మించి మంచు పడే సూచన ఉంటే లోపల కార్యక్రమాలే పెట్టకూడదన్నారు. కొత్త కప్పుకి 2024లో ప్రకటించిన మొత్తం 87 కోట్ల కెనడా డాలర్లు. మంచు ఊళ్లో ఆ కప్పు సీజన్ అంతా మూసే ఉంటుంది. రైళ్లు, మోటార్లు, సీళ్ల ఖర్చు ఎందుకు?

నిజంగా మూయాలంటే మెట్రోడోమ్ స్థానంలో మినియాపొలిస్ వాళ్లు కట్టిన యూఎస్ బ్యాంక్ స్టేడియం పద్ధతి ఒక్కటే నాకు నచ్చుతుంది. కప్పుకి నిటారు వాలు, మంచు జారి పక్కల గటర్లలోకి పడుతుంది. 60 శాతం ఈటీఎఫ్‌ఈ (వెలుగుని రానిచ్చే ప్లాస్టిక్ పొర), అది దక్షిణం వైపు కాబట్టి ఎండ పని చేస్తుంది. అయినా లోపల వేసింది కృత్రిమ గడ్డే. బఫెలోలో సహజ గడ్డి పెట్టారు. మైదానానికి ఎండా వానా అందుతూ, గాలీ తడీ మాత్రం జనానికి తగలకుండా ఉండాలి. కానపీ, సీట్లని నిటారుగా పేర్చడం, బయటి గోడకి చిల్లుల రేకులు, ఇవన్నీ అందుకే. ఆరుబయట చలికి కోట్లు వేసుకుంటే సరిపోతుంది. సరస్సు మీంచి వచ్చే తడిగాలికే తట్టుకోలేరు.

ఏటా డజను ఆటల కోసం కట్టే ఊరైతే కానపీ. సమావేశాలు, పెద్ద టోర్నీలు రాబట్టుకోగల హోటళ్లూ విమానాశ్రయమూ ఉన్న ఊరైతే మూసిన కప్పు. బఫెలో మొదటి రకం అని నా గట్టి నమ్మకం.

కానూరు_ఎంటెక్:

చాలా థాంక్స్ అండి. మా టీమ్ కానపీకే వెళ్తోంది. బందరు కాలువ గారూ, ఈ నిటారు వాలు వల్ల లోడ్ ఎంత తగ్గించుకోవచ్చు? గుంటూరు అన్నా, విజయవాడకి ఇదివరకు చేసిన 30 మీటర్ల కాంటిలివర్ (ఒక వైపే ఆధారం ఉండి ముందుకి చాచిన) ట్రస్ మోడల్ మా దగ్గరుంది. సెక్షన్లు పెంచి వాడుకోవచ్చా?

గుంటూరు_స్టీల్:

వాలు సంగతి నేనే చెప్పేస్తా. జారే ఉపరితలమై, కింద వేడి ఉంటే తగ్గింపు 5 డిగ్రీల నుంచి మొదలై 70 డిగ్రీలకి భారం సున్నా అవుతుంది. మామూలు ఉపరితలమైతే 30 నుంచి మొదలవుతుంది. చల్లటి కానపీకి ఇంకా ఆలస్యంగా మొదలవుతుంది, కాబట్టి మీరు ఆశ పెట్టుకోకండి. పైగా జారిన మంచు పడటానికి ఖాళీ చోటు ఉంటేనే ఆ తగ్గింపు. మీ కానపీ ముందు అంచు కింద జనం ఉంటారు! వాలుని వెనక్కి, బయటి గటర్ వైపు తిప్పండి. స్నో గార్డులు (మంచు జారకుండా ఆపే అడ్డాలు) పెడితే తగ్గింపు అసలు తీసుకోవద్దు.

ఇక పాత మోడల్. సెక్షన్లు పెంచి వాడటం కుదరదు తమ్ముడూ. బెజవాడలో మీ కానపీని శాసించింది గాలి. గుణకాలన్నీ 1 అనుకున్నా 0.6 × 50 × 50, అంటే చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు. అది పైకి లేపేటప్పుడు టాప్ కార్డ్ (ట్రస్ పై కడ్డీ) కంప్రెషన్‌లోకి వెళ్తుంది, దాన్ని పర్లిన్లు (కప్పు రేకుల్ని మోసే అడ్డ దూలాలు) పక్కకి పోకుండా పట్టుకుంటాయి. మంచు కింద మొత్తం తిరగబడుతుంది. కాంటిలివర్ కాబట్టి బాటమ్ కార్డ్ మొదలు దగ్గర్నుంచి అంచు దాకా కంప్రెషన్. అక్కడ పర్లిన్ లేదు, పట్టుకునేది ఏదీ లేదు. మీ మోడల్‌లో ఆ 30 మీటర్లూ అన్‌బ్రేస్డ్ అయివుంటుంది, చూసుకోండి. హార్ట్‌ఫర్డ్‌లో పోయిందీ ఇలాంటి చోటే.

కింది కార్డ్‌కి ప్రతి రెండో ప్యానెల్ పాయింట్ దగ్గర పర్లిన్ నుంచి నీ (knee) బ్రేస్, అంటే ఏటవాలు కడ్డీ, దింపండి, ఎడమా కుడీ రెండు వైపులా. నాలుగైదు ట్రస్సులకి ఒకసారి బాటమ్ కార్డ్ మట్టంలో క్రాస్ బ్రేసింగ్ బే ఇవ్వండి, లేకపోతే బ్రేసులన్నీ కలిసి ఒకే వైపు ఒరుగుతాయి. నీ బ్రేస్ నుంచి వచ్చే బలానికి పర్లిన్ కూడా చెక్ చెయ్యాలి.

వెనక కాలమ్ పని కూడా మారుతుంది. గాలికి అది నొక్కుడులో ఉంటుంది, మంచుకి లాగుడులోకి వస్తుంది. యాంకర్ బోల్టులు, బేస్ ప్లేటు, కింద ఫుటింగ్ బరువు అన్నీ మళ్లీ చెయ్యండి. ముందుకి చాచిన భాగం నిండా మంచు, బ్యాక్‌స్పాన్ (వెనక కాలమ్ వైపు భాగం) మీద సగమే ఉన్న కేసు విడిగా వెయ్యండి, వెనక కాలమ్‌కి గరిష్ఠ లాగుడు అక్కడే వస్తుంది. ఫుటింగ్ బరువుకి 0.9 గుణకమే తీసుకోవాలి, 1.2 కాదు.