అప్‌డేట్: భుజ్‌లో అపరిచితులతో భూకంపం మాట ఎలా ఎత్తాలి?

2001 జనవరి 26 భూకంపం తర్వాత గుజరాత్‌లోని భుజ్‌కి ఇదే మళ్ళీ వెళ్ళడం, అక్కడివాళ్ళతో ఎలా మాట్లాడాలని అడిగాను కదా. వెళ్ళొచ్చాను.

భూకంపం సంగతి ముందుగా ఎత్తకూడదు. వాళ్ళు చేసే పని గురించి అడిగితే అదే వస్తుంది. అందుకు సరైన చోటు అజ్రఖ్ అనే బట్టల అద్దకం చేసే ఊరు అజ్రఖ్‌పూర్, భుజ్ నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. ఆ ఊరు పుట్టిందే భూకంపం వల్ల. ఈ అద్దకంవాళ్ళ పాత ఊరు ధమడ్కాలో నీటిలోని ఇనుము శాతం మారి రంగులు చెడాయి; కరక్కాయ పట్టించిన గుడ్డకు ఇనుము తగిలితే నల్లబడుతుంది మరి. దాంతో అద్దకం చేసే ముస్లిం ఖత్రీ కుటుంబాలు కొన్ని ఇటు తరలాయి. "నీళ్ళు ఎలా ఉన్నాయి?" అన్న ఒక్క ప్రశ్న చాలు. కరక్కాయ, బెల్లంతో పులియబెట్టిన ఇనుప ముక్కల నలుపు మన పెడన అద్దకంలోనూ ఉన్నవే, మాట కలపడం తేలిక. హిందీ సరిపోతుంది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ వద్దు. రంగు తొట్ల దగ్గర అడగకుండా ఫోటో తీయొద్దు.

భుజ్‌లో భుజియా కొండ మీద భూకంప మృతుల స్మారకం స్మృతివన్ (2022లో తెరిచారు) సోమవారం మూత. చెక్‌డ్యాముల గోడలపై మృతుల పేర్లుంటాయి. అక్కడ ఎవరైనా ఒక పేరు ముందు ఆగితే పలకరించకండి, పక్కకు తప్పుకోండి.