అమ్మమ్మ దారాల డబ్బా మూత రావడం లేదు

కందుకూరు: పొద్దున్నుంచి కుస్తీ పడుతున్నా, మూత కదలడం లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. చెక్క డబ్బా, గుండ్రంగా ఉంటుంది. అమ్మమ్మ రవికెలు కుట్టేటప్పుడు పక్కనే పెట్టుకునేది. లోపల దారాలు అలాగే ఉన్నాయి. పగలకుండా ఎలా తీయాలి?

కావలి: ఫోటో పెట్టండి.

ఒంగోలు: మూత రాకుండా దారాలున్నాయని ఎలా తెలిసింది?

కందుకూరు: చుట్టూ చిల్లులున్నాయి కదా, కొసలు బయటికే ఉన్నాయి. చిల్లులకు తెల్ల రింగులు. మూత మీద సముద్రపొడ్డున మేడ బొమ్మ, నల్లగా అచ్చేసి ఉంది.

నెల్లూరు: ఆ రింగులు ఏనుగు దంతమైతే జాగ్రత్త. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. పాతది, ఇంట్లోది అన్నా సరే, దంతం అమ్మకూడదు. పాత వస్తువులు బేరం పెట్టేవాళ్లు ఈ సంగతే పట్టించుకోరు.

ఒంగోలు: అన్నా, ఇలాంటి వాటికి ఎముక కూడా వాడేవారు. భూతద్దంలో ఎముక మీద సన్నని నల్ల చుక్కలు కనిపిస్తాయి. దంతమైతే అడ్డకోతలో ఒకదాన్నొకటి దాటే వంపు గీతలుంటాయి. కాల్చిన సూదితో పరీక్షించొద్దమ్మా, మచ్చ పడుతుంది.

నెల్లూరు: అంత చిన్న రింగులో అడ్డకోత ఎక్కడ కనిపిస్తుంది? తేలేదాకా దంతమనే అనుకోవాలి.

కందుకూరు: నేను అమ్మడం లేదు సార్. మూత సంగతి చెప్పండి.

ఒంగోలు: మేడ బొమ్మంటే స్కాట్లాండులోని మాక్లిన్ ఊరి పని కావచ్చు. సికమోర్ చెక్క మీదికి బొమ్మ దించి, పైన వార్నిష్ పూతలు వేసేవారు. క్లార్క్, కోట్స్ దారాలు ఇలాంటి డబ్బాల్లో వచ్చేవి. ఆ రెండు కంపెనీలూ 1896లో కలిశాయి. మాక్లిన్‌లో స్మిత్‌ల డబ్బాల కార్ఖానా 1933లో కాలిపోయింది. ఎంత అందమైన పనో!

సింగరాయకొండ: డబ్బా ఎక్కడ పెట్టేవారు అమ్మాయ్?

కందుకూరు: అటక మీద. మొన్నటి వానలకు అక్కడ కారింది.

సింగరాయకొండ: అదీ సంగతి. చెక్క తేమ పీల్చి ఉబ్బింది. నూనె రాయకు, ఎండలో పెట్టకు. గబుక్కున ఆరితే చీలుతుంది. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు ఒకటి రెండు వేసి, ఇది అందులో పెట్టి వారం పైనే వదిలెయ్. కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే, అవే. తర్వాత మూత పైకి లాగకు, ముందు మెల్లగా తిప్పి చూడు, మర మూత కావచ్చు. కొసలు అసలు లాగొద్దు. పాత నూలు తెగి లోపలికి పోతుంది.

కావలి: ఫోటో?

నెల్లూరు: రింగులు దగ్గరగా తీసి పెట్టండి.

కందుకూరు: స్టీలు డబ్బాలో పెట్టేశా పిన్నీ, థాంక్స్. ఫోటో రేపు.

ఒంగోలు: మూత వచ్చాక లోపలివైపు కాగితం చీటీ ఉందేమో చూడండి. దాని మీద కంపెనీ పేరుంటుంది. తడి గుడ్డతో తుడవొద్దు.